శుక్రవారం అడిగిన ప్రశ్న

ఎదురు మాట్లాడటానికి జీతం ఇచ్చే దేశం ఒకటుందని నాకు కువైట్‌లో తెలిసింది. రుమైథియాలో నేను పనిచేసిన ఇంటి ముందు గదిలో, గోడవారన కింద కూర్చుని కొత్తిమీర తుంచుతూ ఉండగా విన్నాను. మొదట నమ్మలేదు. ఇప్పుడు మా ఊళ్ళో చెబితే ఎవరూ నమ్మరు. గల్ఫుకు పోవాలని పాస్‌పోర్టు చేయించుకున్న ఆడపిల్లలు జీతం ఎంత, బంగారం అక్కడ చవకా అని అడగడానికి నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ళకు నేను ముందుగా చెప్పేది ఈ సంగతే. వింటారో లేదో వాళ్ళ ఖర్మ.

నేను బడికి పోయింది నాలుగో తరగతి దాకా, అదీ పూర్తిగా కాదు. పలక పగిలింది. ఇంకోటి కొననన్నాడు మా నాయన. అంతటితో చదువు సరి. రాయచోటి పక్క పల్లె నుంచి కువైట్ చేరేనాటికి ఇంగ్లీషు ముక్క రాదు, ఆ తర్వాతా రాలేదు. అరబ్బీ మాత్రం వంటింటికీ, పిల్లలకూ, తిట్లకూ సరిపడేంత వచ్చింది.

అయినా బ్రిటన్ పార్లమెంటు పాఠాలు నేను దాదాపు రెండేళ్ళు విన్నాను. అందుకు కారణం ఆ ఇంటి మర్యాద. యజమానురాలి పెద్ద కూతురు లాయరు చదువుకు లండన్ పోవాలి. ఆ అమ్మాయికి చదువు చెప్పడానికి తెల్లజుట్టు ఇంగ్లీషు మాస్టారు ఒకాయన సాయంత్రాలు వచ్చేవాడు. పరాయి మగవాడు ఎంత ముసలివాడైనా ఆడపిల్లతో ఒంటరిగా గదిలో ఉండకూడదు. తలుపు తెరిచి ఉండాలి, లోపల ఇంటి మనిషి ఒకరు కూర్చుని ఉండాలి. ఆ మనిషిని నేను. ఉత్తచేతులతో కూర్చోవడం నాకు చేతకాదు. ఆకుకూరో, కుట్టు ఊడిన గుడ్డలో తెచ్చుకుని కూర్చునేదాన్ని.

మాస్టారు మాటలు నా చెవిన పడేవే గాని తలకెక్కేవి కావు. కానీ ఆయన ఆ అమ్మాయికి, అంటే మా పాపకు, ఒక పని పెట్టాడు. నేర్చుకున్నదాన్ని ఏమీ తెలియని మనిషికి చెప్పి అర్థం చేయించగలిగితేనే నీకు వచ్చినట్టు అన్నాడట. ఏమీ తెలియని మనిషి ఇంట్లోనే దొరికింది. ఆయన కారెక్కగానే పాప నా పక్కన చతికిలబడి, అంతా అరబ్బీలో మళ్ళీ చెప్పేది. చెప్పడానికి నేను కడగాల్సిన టీ గ్లాసులు తీసుకునేది.

"ఇవి ప్రభుత్వం. ఇవి ఎదుటి పక్షం. మధ్యలో రెండు కత్తుల దూరం. ఎవరు కత్తి దూసినా ఎదుటివాడికి తగలకూడదు."

"ఈ చక్కెర గిన్నె?"

"రాణి."

"రాణి ఏం చేస్తుంది?"

"సంతకం పెడుతుంది."

"వద్దనదా?"

"అనదు. ఎప్పుడో మూడు వందల ఏళ్ళ కిందట ఒక రాణి వద్దన్నదట. అంతే."

కిరీటం పెట్టుకుని రాణి చదివే ఉపన్యాసం కూడా ఆమెది కాదట, మంత్రులు రాసిస్తే చదువుతుందట. ఆ ఉపన్యాసానికి రమ్మని జనం ఎన్నుకున్న కింది సభవాళ్ళను పిలవడానికి నల్ల కర్ర పట్టుకుని ఒకాయన పోతే, ఆయన ముఖం మీదే ధడాలున తలుపు వేస్తారట. మూడుసార్లు కర్రతో తడితేగాని తియ్యరట. ఆ మాట విని నేను కొత్తిమీర కింద పెట్టేశాను. ఆ ఇంట్లో నా గదికి గడియ లేదు. ఎవరైనా ఎప్పుడైనా తోసుకుని వచ్చేవారు.

పై సభ అని ఇంకొకటి ఉంది. అందులో పెద్దమనుషులుంటారు. వాళ్ళు చట్టాన్ని ఆలస్యం చేయగలరు, ఆపలేరు. ఇక రాజ్యాంగం అనే ఒక్క పుస్తకం ఆ దేశానికి లేదట. మన దేశానికి ఉంది, కువైట్‌కూ ఉంది, వాళ్ళకు లేదు.

"మరెట్లా నడుస్తుంది?"

"కొన్ని చట్టాలుగా రాసి ఉంటాయి. మిగతావి ఇంతకుముందు ఎట్లా జరిగాయో అట్లా. రాసి ఉండదు, కానీ తప్పితే సిగ్గుచేటు."

"సిగ్గు లేనివాడు వస్తే?"

పాప ఆ మాట మరుసటి పాఠంలో మాస్టారును అడిగింది. ఆయన నా వైపు చూసి నవ్వి, అది పరీక్షలో రాదని చెప్పమన్నాడు.

గ్లాసులు కడుగుతూ నేను అనుకున్నాను, ఈ ఇల్లూ అంతే కదా అని. అక్కడ పనివాళ్ళు యజమానిని బాబా అనీ, యజమానురాలిని మామా అనీ పిలవాలి; బాబా తల్లిని మేము పెద్ద మామా అనేవాళ్ళం. అందరూ ఆమె నుదురు ముద్దు పెట్టుకున్నాకే కూర్చునేవాళ్ళు, ఆమె ముద్ద ఎత్తాకే తినేవాళ్ళు. కానీ ఇల్లు నడిపేది ఆమె కోడలు, మా మామా. ఒక మంత్రిత్వశాఖలో అధికారి. ఏ గదిలో ఏ కర్టెన్ అన్నదాని దగ్గర్నుంచి ఎవరిని పనిలో పెట్టుకోవాలన్నదాని దాకా ఆమె మాటే. మా వీసాలకు పూచీ పడ్డ కఫీల్ బాబా, ఆయన పై సభ. చూద్దాంలే అని ఆలస్యం చేసేవాడు, ఏదీ ఆపిన పాపాన పోలేదు.

రాయని కట్టుబాటు ఒకటి మాకూ ఉండేది. నేను చేరిన కొత్తలో పెద్ద మామా ఒంట్లో ఓపిక ఉన్న రోజుల్లో చెప్పింది: శుక్రవారం మధ్యాహ్నం గిన్నెలు తోమాక సూర్యాస్తమయం నమాజు దాకా నీది. అప్పటినుంచి పదేళ్ళు అట్లాగే జరిగింది. డ్రైవరు నన్ను సిటీలో దించేవాడు. అక్కడ మా కడప పక్క ఆడవాళ్ళు కూడేవాళ్ళు. ఆ కాసేపు నన్ను నా పేరుతో పిలిచేవాళ్ళు. ఇంట్లో నాకు ఇంకో పేరుండేది. నాకంటే ముందు పనిచేసిన మనిషి పేరు అది, కొత్త పేరు నేర్చుకోవడం దేనికని నాకూ అదే తగిలించారు.

కోనసీమ నుంచి ఒక పిల్ల కొత్తగా పనికి వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. రెండేళ్ళ కొడుకును తల్లి దగ్గర వదిలి వచ్చింది. ఇంట్లో ఫోను ముట్టుకోకూడదు, మొబైలు ఉండకూడదు. మొదటి శుక్రవారం నాతోపాటు సిటీకి తీసుకుపోయి ఫోన్ల దుకాణంలో నిలబెట్టాను. మాట్లాడి బయటికొచ్చి దుకాణం మెట్టు మీద కూలబడింది.

"ఏమైందిమే?"

"మావాడు మాటాడలేదండి పెద్దమ్మగారూ. ఊపిరి ఇనపడింది, అంతేనండి. మాయమ్మ ఫోను సూపించి ఇదే అమ్మ అని సెప్పిందంట. ఇప్పుడు ఫోను మోగితే అమ్మ అంటన్నాడంట. ఎవరి ఫోను మోగినా అంతేనంటండి."

"ఏడవాకు. వారం వారం మాట్లాడు. గొంతన్నా గుర్తుంటాది."

"ఆయ్," అంది ముక్కు తుడుచుకుంటూ.

ఆ ఏడే కువైట్‌లో ఆడవాళ్ళకు ఓటు వచ్చింది. దానికోసం పార్లమెంటు ముందు ఎండలో నిలబడిన ఆడవాళ్ళలో మా మామా కూడా ఉంది. వాచిన కాళ్ళతో ఇంటికొస్తే ఉప్పు వేసిన వేడినీళ్ళు నేనే పెట్టాను. "మమ్మల్ని అడక్కుండా మా గురించి తీర్మానిస్తారా?" అని ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని అన్నది. నాకు ఆమె మీద గౌరవం కలిగింది. ఈ మాట వెటకారానికి రాయడం లేదు. ఆ గౌరవం ఇప్పటికీ ఉంది.

ఓటు వచ్చిన సంబరంతో శుక్రవారం భోజనాలు పెద్దవయ్యాయి. మామా అక్కచెల్లెళ్ళు, బాబా తమ్ముళ్ళు, వాళ్ళ పిల్లలు అంతా వచ్చి రాత్రి దాకా ఉండేవాళ్ళు. ఒక గురువారం మామా వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పింది: "ఇకనుంచి శుక్రవారం బయటికి లేదు. పని ఎక్కువైంది. ఖలాస్."

కోనసీమ పిల్ల చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది.

నేను చేసిన పొరపాటు ఇక్కడే. రెండేళ్ళ పాఠంలో సగమే ఎక్కింది నాకు. సంతకం పెట్టేది రాణి అయినప్పుడు రాణినే అడుగుదాం అనుకున్నాను. పెద్ద మామా తలకు నూనె రాస్తూ సంగతి చెప్పాను. "పోండి, ఎవరు వద్దన్నారు?" అన్నదామె. ఇంకేం కావాలి? శుక్రవారం గిన్నెలు తోమి, పిల్లను తయారవమని, ఇద్దరం పోయి కారులో కూర్చున్నాం. డ్రైవరు బండి తియ్యలేదు.

"మామా చెప్పలేదు," అన్నాడు అద్దంలో చూస్తూ.

"పెద్ద మామా చెప్పింది."

"పెద్ద మామా చెబితే నేను దండం పెడతానక్కా. మామా చెబితే తాళం తిప్పుతాను."

మామా వరండాలోకి వచ్చింది. కారు దిగమంది. తన మీద అత్తకు ఫిర్యాదు చేశానని ఆమె కోపం. న్యాయమే, నేను ఆమె వెనక పోయాను. గొంతు తగ్గించింది. "నువ్వు పాత మనిషివి. నీకు అలవాటు. నువ్వు పో. ఆ పిల్ల ఉంటుంది."

ఎవరైనా ఒప్పుకునే మాటే. నాకూ ఒక క్షణం కాళ్ళు గేటు వైపు లాగాయి. కానీ నేను పొదుపు తెలిసిన మనిషిని. నూనె సీసా పగులు ఎంత సన్నగా ఉన్నా అందులో నూనె నిలవదని తెలుసు. ఈ రోజు ఆ పిల్లకు లేని శుక్రవారం వచ్చే ఏడు నాకూ ఉండదు.

"పోతే ఇద్దరం పోతాం మామా. లేదంటే ఇద్దరం ఉంటాం," అన్నాను.

"అయితే ఉండండి," అన్నది.

ఆ వారం పాఠంలో ఎదురు కుర్చీల సంగతి వచ్చింది. పాప చెబుతుంటే నేను మధ్యలో అడ్డం పడ్డాను.

"ప్రధానమంత్రిని నిలదీసి అడిగేవాడిని జైల్లో పెట్టరా?"

"జీతం ఇస్తారు. ఎదుటి పక్షం నాయకుడికి వేరే జీతం ఉంటుంది."

"రాణికి కోపం రాదా?"

"రాణి పేరు మీదే వాళ్ళు ఎదురు కూర్చునేది. ప్రభుత్వాన్ని కాదన్నంత మాత్రాన రాణిని కాదన్నట్టు కాదు. ప్రతి బుధవారం ప్రధానమంత్రి సభకు వచ్చి నిలబడాలి. అందరి ముందూ అడుగుతారు. అందరి ముందూ చెప్పాలి."

"చెప్పకపోతే?"

పాపకు తెలియలేదు. మరుసటి పాఠంలో మాస్టారును అడిగింది. ఆయన భుజాలెగరేసి ఒక్క మాటన్నాడు. "మళ్ళీ బుధవారం మళ్ళీ అడుగుతారట," అని చెప్పింది పాప.

రాణి చెవిలో చెప్పే పని కాదన్నమాట. సభ నిండి ఉన్నప్పుడు, ముఖం చూసి అడగాలి.

కోనసీమ పిల్లకు చెబితే ముందు ఇఖామా, ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, గుర్తొచ్చింది. "వద్దండి బాబూ. ఇఖామా కేన్సిల్ చేసి పంపేత్తారండి. మా ఇల్లు గోడల దాకా లేసి ఆగిపోయిందండి. మీకు దండం పెడతాను."

"నువ్వు నోరు తెరవాకు. అడిగేది నేను. నువ్వు పళ్ళెం ఆ పక్క పట్టుకో, చాలు."

శుక్రవారం భోజనానికి అందరూ కింద పరిచిన గుడ్డ చుట్టూ కూర్చున్నారు. మాంసం వేసిన అన్నం పెద్ద పళ్ళెంలో ఇద్దరం మోసుకొచ్చి మధ్యలో పెట్టాం. పెట్టగానే వెనక్కి పోవాలి. నేను పోలేదు.

"మామా, ఒక మాట అడగాలి. పదేళ్ళుగా శుక్రవారం సాయంత్రం మాది. ఇప్పుడు ఎందుకు కాదు?"

నీళ్ళ గ్లాసు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి. "వంటింట్లోకి పో," అన్నది మామా. పోయాను. తర్వాత ఆమె లోపలికి వచ్చి, విమానం ఎక్కిస్తానన్నది.

"ఎక్కించు మామా. ఎక్కేదాకా శుక్రవారాలు వస్తూనే ఉంటాయి కదా," అన్నాను. టీ గ్లాసులు సర్దడం మొదలుపెట్టాను.

రెండో శుక్రవారం అదే పళ్ళెం, అదే మాట. ఈసారి బాబా తమ్ముడు నవ్వి, "ఈమెను మన పార్లమెంటుకు పంపుదాం, మంత్రులకు నిద్ర పట్టదు," అన్నాడు. బాబా దగ్గి, "చూద్దాంలే," అన్నాడు. పై సభ తన పని తాను చేసింది. మామా జవాబు చెప్పలేదు.

మూడో శుక్రవారానికి ఆమె తెలివిగా ఆలోచించింది. నన్ను వంటింట్లోనే ఉండమని, చిన్న పళ్ళేల్లో సర్ది కోనసీమ పిల్లతో పంపించింది. నోరు లేని పిల్ల. పెడుతుంది, వస్తుంది. నేనూ అంతే అనుకున్నాను. గుమ్మం పక్కన గోడకు ఆనుకుని, ఇక పై వారం చూసుకుందాం అనుకుంటూ నిలబడ్డాను.

పళ్ళేలు పెట్టిన చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చే అడుగుల చప్పుడు వినిపించలేదు.

"మామా," అన్నదా పిల్ల. దానికి అరబ్బీ ఇంకా రాదు. వచ్చిన నాలుగు మాటల్లోంచి మూడు ఏరుకుంది. "జుమా... లేష్ లా?"

శుక్రవారం, ఎందుకు కాదు. అంతే.

పిల్లలు కిసుక్కున నవ్వారు. పెద్ద మామాకు చెవుడు. "ఏమంటుంది ఆ పిల్ల?" అని గట్టిగా అడిగింది. మళ్ళీ అడిగింది. అప్పుడు పాప గొంతు వినిపించింది: "శుక్రవారం ఎందుకు తీసేశారని అమ్మను అడుగుతోంది నానమ్మా. అమ్మ జవాబు చెప్పాలి. మొన్న అమ్మావాళ్ళు ఎండలో నిలబడింది కూడా అడిగినదానికి జవాబు కోసమే కదా."

నేను గుమ్మం అంచుకు జరిగాను. మామా అక్కచెల్లెళ్ళు, తోడికోడళ్ళు, మరుదులు అందరూ ఆ గదిలోనే ఉన్నారు. అందరి ముందూ అవును, నేనే తీసేశాను అనాలి. లేదా...

"ఎవరు తీసేశారు?" అన్నది మామా. "ఎప్పటిలాగే పోతారు."

"తయ్యిబ్," అన్నది పెద్ద మామా. మంచిది అని. ముద్ద ఎత్తింది. అందరూ తినడం మొదలుపెట్టారు.

అది అబద్ధమని ఆ గదిలో సగం మందికి తెలుసు. అయితే ఏం? అందరి ముందూ అన్నది. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు.

ఆ పిల్ల వంటింట్లోకి వచ్చి నా చేయి పట్టుకుంది.

"నేనేం తప్పు మాటాడలేదు కదండీ?"

"తప్పేమీ లేదు. గిన్నెలు బిరబిర తోము. కారు పోతాది."

ఆ సాయంత్రం ఫోన్ల దుకాణంలో వాళ్ళ అబ్బాయి "ఎవరు?" అన్నాడట. ఊపిరి బదులు ఒక మాట. దానికే ఈ పిల్ల దారంతా మాట్లాడుతూనే ఉంది. నాకు తలనొప్పి వచ్చింది.

పాప ఈ కథంతా మాస్టారుకు చెప్పింది. ఆయన సంతోషించాడు గాని ఒప్పుకోలేదు. నేను పద్ధతి అంతా కలగాపులగం చేశానట. ఎదుటి పక్షం అంటే ప్రశ్న వేస్తే చాలదు, ఆ ప్రభుత్వం పడిపోతే తాము నడపడానికి సిద్ధంగా ఉండాలట. మీరు ఇల్లు నడపడానికి సిద్ధమా అని నన్ను అడగమన్నాడు.

"పదేళ్ళుగా ఎవరు నడుపుతున్నారో ఆయన్నే కనుక్కోమను," అన్నాను.

కానీ ప్రభుత్వం పడలేదు. ఎదుటి పక్షమే ఊరికి పోయింది. నా ఇఖామా గడువు తీరాక మామా మళ్ళీ వేయించలేదు. ఆమె అన్న మాట ప్రకారం విమానం ఎక్కించింది. జీతం పైసా తగ్గించలేదు, పైగా పెట్టె నిండా దుప్పట్లు పెట్టింది. బయలుదేరే ముందు గేటు దగ్గర అడిగింది: "ఇదంతా నీకు ఎవరు నేర్పారు?"

"నీ ఇంట్లోనే నేర్చుకున్నాను మామా. నువ్వే కూర్చోబెట్టావు."

ఆమె నవ్వలేదు. నన్ను నా అసలు పేరుతో పిలిచి, జాగ్రత్తగా పొమ్మన్నది. పదేళ్ళుగా ఆమెకు ఆ పేరు తెలుసని నాకు అప్పుడు తెలిసింది.

ఉద్యోగం పోయింది కదా, ఏం మిగిలిందని మా వాళ్ళు అడిగారు. ఇప్పటికీ అడుగుతారు. ఎవరో ఒకరు అడగాలి, అడిగినవాళ్ళకు ఖర్చవుతుంది, అది నాకు ముందే తెలుసు. దుబారా చేయలేదు నేను. ఆ ఖర్చుతో ఒక శుక్రవారం కొన్నాను.

కోనసీమ పిల్ల ఆ ఇంట్లో ఇంకా చాలా ఏళ్ళుంది. ఇల్లు పూర్తి చేసుకుని వెళ్ళేటప్పుడు తన తర్వాత వచ్చిన పిల్లను ఆఖరి శుక్రవారం సిటీకి తీసుకుపోయి, ఫోన్ల దుకాణం చూపించి వెళ్ళిందట. తర్వాత కొన్నేళ్ళకు ఇంటి పనివాళ్ళకు వారంలో ఒక రోజు సెలవు ఉండాలని అక్కడ చట్టమే వచ్చింది. ఇప్పుడు అది రాసి ఉంది. రాసి ఉంటే అందరికీ దొరుకుతుందని మాత్రం ఎవరూ మురిసిపోకండి.

ఎందుకంటే మొన్న ఒక సాయంత్రం నాకు కువైట్ నుంచి ఫోను వచ్చింది. తెలియని గొంతు. మా పక్క పిల్లే, మాట చూస్తే తెలుస్తుంది. అదే ఇంట్లో పనికి చేరిందట. నా నంబరు ఎవరో ఇచ్చారట.

"అవ్వా, ఈడ శుక్రారం బయటికి పొయ్యేది ముందు నుంచీ ఉండాదంట. ఎవురు ఇచ్చినారంటే ఎవురికీ తెల్దు. ఎప్పుట్నుంచో ఉండాది అంటారు. ఇప్పుడు మామా కోడలు వద్దంటాంది. పని శానా ఉండాదంట. ఏం చేసేది?"

"శుక్రారం బోయినానికి ఎంతమంది వస్తారు?"

"ఇరవై మంది దాకా వస్తారవ్వా."

"అందురూ కూర్చున్నాక అడుగు," అన్నాను.